పంటు సరంగు తొడిగిన జర్మన్ కోటు

ఓల్ఖోవ్కా,
మార్చి 2, 1975

నా బంగారు కాపాకు,

అక్క ముద్దులు. మరిది సవేలీకి కూడా, ఆయన సముద్రం మీద కాకుండా ఇంట్లో ఉంటే.

నా మోకాలు బాగానే ఉంది. నది ఇంకా గడ్డకట్టే ఉంది. నువ్వడిగిన ఉన్ని మేజోళ్ళు అల్లడం పూర్తయింది. ఈ ఉత్తరం ఆ పార్సిల్లోనే పెట్టి పంపుతున్నాను, రెండూ కలిసే అందుతాయి.

ఇక అసలు సంగతి. మన ఊరికి సినిమావాళ్ళు వచ్చారే! లెనిన్‌గ్రాద్ నుంచి, లారీలకు లారీలు. యుద్ధం సినిమా. జర్మన్లకు బందీలుగా చిక్కిన మన సైనికులు ఒకనాడు కాపలావాళ్ళ మీద తిరగబడి, గేటు బద్దలుకొట్టుకుని బయటపడే కథ. మూతబడ్డ ఇటుకల ఫ్యాక్టరీ గుర్తుందా, మనం చిన్నప్పుడు పిల్లికూనల్ని దాచిపెట్టిన చోటు? దాని చుట్టూ ముళ్ళకంచె వేసి, నాలుగు మూలలా కావలి మంచెలు కట్టి బందీల శిబిరం చేసేశారు. మొదటిరోజు అటువైపు వెళ్ళి చూసి, ఉత్తుత్తిదని తెలిసి కూడా చేతిలో సంచీ జారవిడిచాను.

వీళ్ళందరికీ వండిపెట్టే పని కలప డిపో క్యాంటీన్‌కి అప్పగించారు. అంటే నాకే.

మన మగవాళ్ళని క్లబ్బులో నిలబెట్టి ఎంచుకున్నారు. డైరెక్టరు పేరు ఇన్నొకెంతి ల్వోవిచ్. పొట్టి మనిషి, ఎప్పుడూ మెడకి ఎర్ర శాలువా. "సన్నగా ఉన్నవాళ్ళు ఎడమవైపు, మీరు బందీలు. ఒళ్ళున్నవాళ్ళు కుడివైపు, మీరు జర్మన్లు" అన్నాడు. ఊరంతా కుడివైపుకి నడిచింది. ఆయన తల పట్టుకుని, "ఈ ఊళ్ళో ఆకలంటే ఎవరికీ తెలియదా?" అని అరిచాడు. మన పోస్టుమాన్ పోతాప్ పొట్ట నిమురుకుంటూ, "తెలుసు కాబట్టే ఇలా ఉన్నాం" అన్నాడు.

అప్పుడాయన కంట్లో ఎర్మొలాయ్ కుజ్మిచ్ పడ్డాడు. శీతాకాలంలో రాశాను చూడు, మన రేవులో తాడు లాగుతూ జనాన్ని నది దాటించే పంటు సరంగు. రెండేళ్ళ కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు, నా ఇటుకల పొయ్యి బాగుచేసి పెట్టాడు, ఆదివారాలు క్యాబేజీ సూపుకి వస్తున్నాడు. (నవ్వకు. సూపుకే.) మనిషి గడకర్రలా ఉంటాడు, బుగ్గలు లోపలికి. డైరెక్టరు పరుగున వచ్చి ఆయన భుజాలు పట్టుకుని, "ఈ మొహం! బందీ, మొదటి వరుస!" అన్నాడు.

ఎర్మొలాయ్ కుజ్మిచ్ నెమ్మదిగా, "బందీ వేషం వెయ్యను. కాపలావాడి కోటిస్తే తొడుక్కుంటాను. లేదంటే ఇంటికి పోతాను" అన్నాడు.

ఎన్నివిధాల అడిగినా అదే మాట. చివరికి జర్మన్ కోటే ఇచ్చారు.

నాకు తల కొట్టేసినట్లయింది కాపా. మన నికాందర్ అన్నయ్య గురించి వచ్చిన కాగితం మీద ‘జాడ తెలియలేదు’ అని ఒక్క ముక్కే ఉంది. ఆ ముక్క పట్టుకుని అమ్మ ఎంతకాలం గుమ్మంలో నిలబడిందో మనకి తెలుసు. అన్నయ్య ఇలాంటి కంచె వెనకే పోయాడో ఏమో. అలాంటిది, నా ఇంట్లో కూర్చుని సూపు తాగే మనిషి, కావాలని ఏరికోరి ఆ కోటు తొడుక్కుంటాడా?

మేజోళ్ళు వేడినీళ్ళలో ఉతక్కు, కుంచించుకుపోతాయి.

నీ అక్క
గ్లఫీరా


ఓల్ఖోవ్కా,
మార్చి 9

కాపా,

ఇది హడావిడిగా రాస్తున్నాను, చేతికి పిండి ఉంది, మరకలు చూసి విసుక్కోకు.

జర్మన్లతో నా ప్రాణం పోతోంది. మంచు దులుపుకోకుండా ఆ బూట్లతోనే తిన్నగా వంటింట్లోకి వచ్చేస్తారు. ఫ్యాక్టరీ వైపు వెళ్ళాలంటే చీటీ చూపించాలి. మనవాళ్ళని పొద్దుటి నుంచి చీకటిపడేదాకా మంచులో నిలబెడుతున్నారు. నిన్న పోతాప్‌ని ఇనుప కమ్మీతో తలమీద కొట్టి చంపారు, అందుకని టపా పంచేసరికి సాయంత్రమైంది.

ఎర్మొలాయ్ వాళ్ళలోనే ఉన్నాడు. తుపాకీ భుజాన వేసుకుని గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. ఆ కోటు వాడికి కొలత తీసి కుట్టినట్లు సరిపోయింది, అదే నా కడుపుమంట.

పొయ్యిలో పిరోగ్ రొట్టెలు మాడుతున్నాయి. ఉంటాను.

గ్లఫీరా


టెలిగ్రామ్
నహోద్కా నుంచి ఓల్ఖోవ్కాకు, మార్చి 19

ఏ జర్మన్లు. పోతాప్ చనిపోతే టపా ఎవరు పంచారు. వెంటనే జవాబు. కాపా


టెలిగ్రామ్
ఓల్ఖోవ్కా నుంచి నహోద్కాకు, మార్చి 20

పోతాప్ కులాసా. జర్మన్లు ఏప్రిల్ ఆఖరుకు వెళ్ళిపోతారు. పార్సిల్ చూడు. గ్లఫీరా


నహోద్కా,
మార్చి 24

అక్కా,

నీ పార్సిల్ నిన్ననే వచ్చింది. అంటే మధ్యలో నేను ఏం పడ్డానో ఊహించుకో.

నీ రెండో ఉత్తరం ముందొచ్చింది. చదివి స్టూలు మీద కూర్చుండిపోయాను. సవేలీకి ఇస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "మీ అక్క తాగుడు మొదలుపెట్టింది" అన్నాడు. నేను ఊరుకోలేక చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మా పనివాళ్ళ బ్రిగేడ్ అంతటికీ చదివి వినిపించాను. ఒకావిడ ఏడ్చింది కూడా. మా ఫోర్‌మన్ గంభీరంగా, "ఇలాంటివి పేపర్లో రాయరు" అన్నాడు. తీరా నిన్న మేజోళ్ళు తీసి చూస్తే సినిమా! రేపు వాళ్ళ మొహాలు ఎలా చూడను?

నవ్వులకేం గాని, ఒక మాట సూటిగా చెబుతాను. మొదటి ఉత్తరంలో ‘ఆయన’, రెండో ఉత్తరంలో ‘వాడు’. నీ సంగతి నాకు తెలియదా? ఆ సరంగు మీద నీకు మనసుంది. లేకపోతే అంత మంట దేనికి? బావ పోయి ఏడేళ్ళయింది, నువ్వు మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే సంతోషించే మొదటి మనిషిని నేనే. కానీ అన్నయ్య లాంటివాళ్ళ బట్టలు తొడుక్కోమంటే వద్దని, వాళ్ళని కొట్టినవాళ్ళ కోటు కావాలన్నవాణ్ణి బావా అని నేను పిలవలేను. ఉన్ని కోటు వెచ్చగా ఉంటుందనే కదా? అలాంటివాడికి నీ సూపెందుకు? ఒక్క గరిటె కూడా పొయ్యకు. అందరి ముందూ చెప్పు, బాగా తగలాలి.

మేజోళ్ళు సవేలీకి సరిపోయాయి. వేడినీళ్ళలో ఉతికిన తర్వాత నాకు సరిపోయాయి.

నీ చెల్లి
కాపా


ఓల్ఖోవ్కా,
ఏప్రిల్ 3

కాపా తల్లీ,

నువ్వు చెప్పినట్లే చేశాను.

మధ్యాహ్నం భోజనాల వరసలో ఎర్మొలాయ్ వచ్చాడు, ఆ కోటుతోనే, గిన్నె చాపి. గరిటె పక్కన పెట్టి అందరికీ వినబడేట్లు, "జర్మన్ల క్యాంటీన్ బెర్లిన్‌లో ఉంది, అక్కడికి పో" అన్నాను. వెనక ఎవరో ఈల వేశారు. అతను నా వంక చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు. గిన్నె బల్ల మీద బోర్లించి, "సరేనండీ గ్లఫీరా తిమొఫేయెవ్నా" అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎండురొట్టె తెచ్చుకుని మంచె కింద కూర్చుని తింటున్నాడు. ఆదివారం కూడా రాలేదు.

బాగా తగిలింది కాపా. ఎవరికి తగిలిందో అర్థం కావడంలేదు గాని.

మిగతా కబుర్లు చెబుతాను. డైరెక్టరుకీ నాకూ పెద్ద గొడవ జరిగింది. బందీల వేషాల కోసం పక్క జిల్లా నుంచి కాలేజీ కుర్రాళ్ళని తెచ్చారు, పాపం వెదురుపుల్లల్లా ఉన్నారు. పొద్దస్తమానం చలిలో నిలబడొచ్చిన వాళ్ళని చూస్తూ ఉత్త చారునీళ్ళు ఎలా పొయ్యను? మాంసం పిరోగ్‌లు, జున్ను అట్లు, పక్కన మీగడ. నెల తిరిగేసరికి బుగ్గలొచ్చాయి. ఇన్నొకెంతి ల్వోవిచ్ కెమెరాలోంచి చూసి, ఎర్ర శాలువా విప్పి నేలకేసి కొట్టాడు. "నాకు ఆకలితో తిరగబడే మనుషులు కావాలి, విశ్రాంతి గృహం నుంచి తిరిగొచ్చినవాళ్ళు కాదు! వీళ్ళెందుకు తిరగబడతారు? ఇంకో పిరోగ్ కోసమా?" అన్నాడు. నేను, "అయితే మీరు తినడం మానెయ్యండి, మీరే తిరగబడండి" అన్నాను. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

వచ్చేవారం శిబిరంలో బందీలు తిండి తినే సన్నివేశమట. టర్నిప్ దుంపల నీళ్ళసూపు నన్నే కాయమన్నారు.

గ్లఫీరా


నహోద్కా,
ఏప్రిల్ 12

అక్కా,

శభాష్! నీ ఉత్తరం బ్రిగేడ్‌లో చదివాను. ‘బెర్లిన్‌కి పో’ దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నారు. (ఈసారి ముందే సినిమా అని చెప్పానులే.) ఇక మెత్తబడకు. వాడు క్షమాపణ అడిగినా మొహం తిప్పుకో. ఇక్కడ సవేలీ ఓడలో రేడియో పని చూసే ఒకాయన ఉన్నాడు, భార్య పోయింది, పళ్ళన్నీ ఉన్నాయి. వేసవిలో నువ్వు వస్తే చూపిస్తాను.

కాపా


ఓల్ఖోవ్కా,
ఏప్రిల్ 20

కాపా,

నీ ‘శభాష్’ నిన్న అందింది. చదివి పొయ్యిలో వేశాను. నీ తప్పేం లేదు, ఆ ఉత్తరం దారిలో ఉండగానే ఇక్కడ సంగతులు మారిపోయాయి. నెమ్మదిగా చదువు.

టర్నిప్ సూపు కాశాను. ఇన్నొకెంతి ల్వోవిచ్ వచ్చి గరిటెతో తీసి చూసి, "ఇదేమిటి, పైన నూనె చుక్కలు మెరుస్తున్నాయి?" అన్నాడు. కొంచెం ఉల్లిపాయ వేయించి వేశాను మరి, వాసనకి. పారబోయించాడు. రెండోసారి కాశాను. రుచి చూసి, "బాగుంది" అని ఏడుపుమొహం పెట్టాడు. "బాగుండకూడదమ్మా, కుర్రాళ్ళు చెంచాడు నోట్లో పెట్టుకోగానే నా కెమెరాకి ఆ మొహంలో తెలియాలి!" మూడోసారీ అంతే. ఇన్నేళ్ళుగా వండుతున్నాను, చెడగొట్టి వండడం నాకెవరు నేర్పారు? ఆయన వెళ్ళాక గంగాళం ముందు కూర్చుని, ఏడుపొచ్చి ఏడ్చేశాను.

తలుపు దగ్గర జర్మన్ బూట్లు కనిపించాయి. తలెత్తితే ఎర్మొలాయ్ కుజ్మిచ్. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి అన్నాడు:

"దుంపలు కడగకండి."

"ఏమిటి?"

"మట్టితోనే వెయ్యండి. తొక్క తియ్యొద్దు. ఉప్పు లేదు. కుళ్ళినవి ఏరకండి, అవే ముందు వెయ్యండి. ఉడికాక సగం నీళ్ళు పొయ్యండి."

నాకింకా బుర్రకెక్కలేదు. వెటకారంగా, "జర్మన్ కోటు వేసుకుంటే జర్మన్ వంట కూడా వచ్చేస్తుందా?" అన్నాను.

"రెండున్నరేళ్ళు తిన్నానండీ," అన్నాడు.

ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుతూ మెల్లగా చెప్పాడు. పంతొమ్మిదో ఏట చిక్కాడట. తిరిగొచ్చాక మన అధికారులు కూడా అనుమానంతో కొన్నాళ్ళు కూర్చోబెట్టి, ఎలా చిక్కావు, ఎందుకు చిక్కావు అని అడిగారట. ఆ తర్వాత ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పడం మానేశాడు. ఊళ్ళు మారాడు. నదీ పంటూ అయితే ఏమీ అడగవని మన రేవుకొచ్చాడు.

"మీరు నా మొహాన ఉమ్మినా పడతాను," అన్నాడు. "ఈ కోటు నాది కాదు, సాయంత్రం విప్పేస్తాను. ఆ బందీల చారల బట్టలైతే ఒకసారి తొడిగాను. మళ్ళీ తొడిగితే విప్పుకోగలనో లేదో."

నేను లేచి, మా కోసం కాచిన అసలు సూపు, నిండా పోసి, మీగడ వేసి ఆయన ముందు పెట్టాను. ఆయన కూర్చుని తిన్నాడు. గిన్నె తుడిచి తిన్నాడు. అప్పుడు అన్నయ్య గురించి అడిగాను, నికాందర్ తిమొఫేయెవిచ్ అనే మనిషిని ఎక్కడైనా చూశారా అని. చూశానని చెబితే నాకు ఎంత బాగుంటుందో ఆయనకి తెలుసు. "లేదండీ. వేలమందిమి. చూడలేదు," అన్నాడు.

దుంపలు కడక్కుండా వేశాను. కుర్రాళ్ళ మొహాలు చూసి డైరెక్టరు నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. కెమెరా ఆగాక వాళ్ళని వెనక గుమ్మం నుంచి పిలిచి పిరోగ్‌లు పెట్టాను, ఆయనకి చెప్పకు.

రేడియో ఆయన్ని పళ్ళు తన దగ్గరే ఉంచుకోమను.

నీ అక్క
గ్లఫీరా


నహోద్కా,
ఏప్రిల్ 28

అక్కా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నన్ను తిట్టు, బాగా తిట్టు. బ్రిగేడ్‌లో చదివితే అందరూ నావైపు చూశారు, నేనే సలహా ఇచ్చానని వాళ్ళకి తెలుసుగా. మా ఫోర్‌మన్ తన చేత్తో ఒక డబ్బా ఎర్ర చేపగుడ్ల కేవియర్ తెచ్చి, "ఆ సరంగుకి పంపండి" అన్నాడు. పంపుతున్నాను. ఇది మాత్రం టపాలో కాదు, ఆ దారిలో వెళ్ళే రైలు అటెండెంట్ చేతికిచ్చాను.

ఆయనకి నా తరఫున ఒక దణ్ణం పెట్టు.

కాపా


ఓల్ఖోవ్కా,
మే 4

కాపా తల్లీ,

మే డే పండగ రోజుల్లోనే రాద్దామనుకున్నాను, కానీ జలుబు. జలుబెందుకంటే నదిలో దిగాను. ఎందుకు దిగానంటే ఎర్మొలాయ్ వెనక పరిగెత్తాను. మొదటినుంచి చెబుతాను ఉండు.

మంచు కరిగి నది తెరుచుకున్న వారానికి ఆఖరి సన్నివేశం, తిరుగుబాటు. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది. ఆడవాళ్ళం గేటు అవతల తాడు వెనక నిలబడ్డాం. బందీలు కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చి, గేటు దగ్గరున్న కాపలావాణ్ణి, అంటే ఎర్మొలాయ్‌ని, తోసేసి, గేటు బద్దలుకొట్టి బయటికి రావాలి.

మొదటిసారి కుర్రాళ్ళు ఆయన దగ్గరికొచ్చి, చంటిపిల్లాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టినట్లు మెల్లగా నేలమీద పడుకోబెట్టారు. ఒకడు తల కింద టోపీ కూడా సర్దాడు. డైరెక్టరు గొంతు చించుకున్నాడు.

రెండోసారి బాగా తోశారు. ఆయన పడ్డాడు. అందరూ గేటు మీద పడ్డారు. గేటు కదల్లేదు! కరిగిన మంచుకి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. లోపలివాళ్ళు నిజంగా తోస్తున్నారు, నిజంగా అరుస్తున్నారు, వెనకవాళ్ళు ముందువాళ్ళని నొక్కేస్తున్నారు. మార్చిలోనే ‘చచ్చిన’ పోతాప్ మంచె మీంచి కాలుస్తూనే ఉన్నాడు, ఆపమని ఎవరూ చెప్పలేదని. ఎవరు ముందు కదిలారో నాకు తెలియదు. నేనేనని అందరూ అంటున్నారు. తాడు కింద దూరి, గరిటె చేతిలో ఉండగానే, "తొయ్యండ్రా నాయనా!" అని అరుచుకుంటూ వెళ్ళి గేటు పట్టుకున్నాను. వెనకే ఆడవాళ్ళంతా, సంచులతో, రుమాళ్ళతో, దుకాణం నడిపే ఆవిడైతే తెల్ల కోటుతోనే. బయటనుంచి మేం లాగాం, లోపలనుంచి వాళ్ళు తోశారు. ఊడి వచ్చింది!

కుర్రాళ్ళు మా మీద పడ్డారు, మేం బురదలో పడ్డాం, అందరూ ఒకటే నవ్వు. ఇన్నొకెంతి ల్వోవిచ్ కుర్చీ ఎక్కి, "ఏ శిబిరంలో చూశావమ్మా గరిటె!" అని ఏడుస్తున్నాడు. అప్పుడే చచ్చిపడి ఉండాల్సిన కాపలావాడు లేచాడు. టోపీ లేదు, తుపాకీ లేదు. మా మధ్యనుంచి దూసుకుని గేటు దాటి పరిగెత్తాడు. ఆగలేదు. నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు, కాసేపటికి ఒక్కొక్కరే ఆపేశారు. గట్టు దిగి, రేవులో కట్టిన పంటు దాకా మొల్లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే. మంచునీళ్ళు కాపా, ఊపిరి ఆగిపోయింది.

పంటు అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఏమైంది?" అన్నాను. నా వంక చూసి అన్నాడు:

"మేమూ లేచాం గ్లాషా. మా గేటు తెరుచుకోలేదు."

మొదటిసారి నన్ను పేరు పెట్టి, ముద్దుగా పిలిచాడు. "ఇది తెరుచుకుంది, రా," అన్నాను. కోపం లేకుండా ‘నువ్వు’ అనడం నాకూ అదే మొదటిసారి. చెయ్యి పట్టుకుంటే వచ్చాడు.

పైకెళ్ళేసరికి గేటు రంపంతో కోసి సరిచేస్తున్నారు. డైరెక్టరు కుర్చీలో శాలువా నమిలేస్తున్నాడు. ఎర్మొలాయ్ తిన్నగా ఆయన ముందుకెళ్ళి, తడిసిన జర్మన్ కోటు విప్పి చేతిలో పెట్టి, "ఆ చారల బట్టలు ఒక జత ఇప్పించండి," అన్నాడు. ఇన్నొకెంతి ల్వోవిచ్ ఆ మొహం చూశాడు. తనే లేచి వెళ్ళి తెచ్చిచ్చాడు. కుర్రాళ్ళు చుట్టూ నిలబడి మా కంట పడకుండా అడ్డుకట్టారు, ఆయన తొడుక్కున్నాడు.

మూడోసారి మమ్మల్ని తాడు వెనక దూరంగా నిలబెట్టారు, నా గరిటె లాక్కున్నారు. గేటు తెరుచుకుంది. అందరూ వచ్చారు. వాళ్ళలో ఆయనా వచ్చాడు. సాయంత్రం నా ఇంట్లో, పొయ్యి ముందు, ఆ చారల బట్టలు తనే విప్పి, మడతపెట్టి, "రేపు వాళ్ళకి ఇచ్చెయ్యి," అన్నాడు. నాన్న పాత చొక్కా తొడుక్కున్నాడు. మూడు గిన్నెల సూపు తాగాడు.

తుమ్ములొస్తున్నాయి. ఉంటాను.

గ్లఫీరా


టెలిగ్రామ్
నహోద్కా నుంచి ఓల్ఖోవ్కాకు, మే 13

నాన్న చొక్కా వేసుకుని ఎక్కడ పడుకున్నాడు. పెళ్ళెప్పుడు. సవేలీ అడగమంటున్నాడు. కాపా


టెలిగ్రామ్
ఓల్ఖోవ్కా నుంచి నహోద్కాకు, మే 14

పోతాప్ ఇంట్లో. జూన్ 14. సవేలీకి సిగ్గులేదు. నేనన్నానని చెప్పకు. గ్లఫీరా


నహోద్కా,
మే 30, 1976

అక్కకీ, బావకీ,

సినిమా వచ్చింది! నిన్న బ్రిగేడ్ అంతా కలిసి వెళ్ళాం, రెండు వరసలు మావే. సవేలీ ఓడ ఒడ్డునే ఉంది కాబట్టి ఆయనా, ఆ రేడియో ఆయనా కూడా. (అతనికి పెళ్ళైపోయింది, మా ప్యాకింగ్ అమ్మాయితో.)

పెళ్ళికి రాలేకపోయాం, మీరు పంపిన ఫోటో మసగ్గా వచ్చింది, కాబట్టి బావని మొదటిసారి సరిగ్గా చూడబోతున్నానని గుండె దడదడలాడింది. చూశాను! ఎంత హుందా అయిన మనిషే! నువ్వు గడకర్ర, గడకర్ర అని రాస్తే ఏమో అనుకున్నాను, పెళ్ళైన ఏడాదిలో నీ వంట తిని ఇలా తేలాడా అని ఆశ్చర్యపోయాను, సినిమా పెళ్ళికి ముందే తీశారన్న సంగతి ఆ సంబరంలో తట్టనేలేదు. ఆ మీసం, ఆ పొట్ట! మంచె మీంచి ఎంత గంభీరంగా కాలుస్తాడో, ఎంత బాగా పడి చస్తాడో! నేను ఉండబట్టలేక లేచి, "మా బావ! అది మా బావ!" అని అరిచాను. హాల్లో సగంమంది ఛీ అన్నారు, జర్మన్‌వాడు బావేమిటని. మా ఫోర్‌మన్ లేచి అందరికీ సర్దిచెప్పాడు.

గేటు సన్నివేశం వచ్చేసరికి మా వరసలు రెండూ ముందుకు వంగాయి. బందీల్లో సగంమంది గేటు దాటకుండానే కాల్పులకి కూలిపోయారు కదా అక్కా. అన్నయ్య గుర్తొచ్చాడు. సవేలీ నా చెయ్యి వదల్లేదు.

మీ ఊరికి సినిమా వచ్చిందా? బావ ఏమన్నాడు?

కాపా


ఓల్ఖోవ్కా,
జూన్ 16, 1976

కాపా తల్లీ,

నువ్వు చూసి మురిసిపోయింది పోతాప్‌ని. నీ ఉత్తరం అతనే తెచ్చాడు, అక్కడే నిలబడి చదివించుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళో ఎవరు ఎదురైనా, "నహోద్కాలో నేను హుందాగా ఉన్నానట" అని చెబుతున్నాడు. నీ బావ అదంతా విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి, చప్పుడుండదు.

మొన్న శనివారం మా క్లబ్బులో వేశారు, మూడు ఆటలు. అవతలి ఒడ్డు ఊళ్ళవాళ్ళంతా రావాలి, పంటు ఒక్కటే దారి. ఇక చూడు, ఆయనకి మంచి సాకు దొరికింది. "నేను చూస్తూ కూర్చుంటే వాళ్ళనెవరు దాటిస్తారు?" అన్నాడు. పొద్దుటినుంచి తీసుకురావడం, తీసుకెళ్ళడం. సినిమాలో ఒక్క ముక్క కూడా చూడలేదు. కానీ తిరిగెళ్ళేవాళ్ళు ఊరుకుంటారా? పంటు ఎక్కినవాళ్ళు ఎక్కినట్లు కథంతా ఆయనకి చెప్పారు. ఒక ట్రాక్టర్ డ్రైవరు లెక్కలో ఈయన ఒంటిచేత్తో ఐదుగురిని పడగొట్టాడు. ఇంకొకావిడ ప్రకారం ఈయన పాట పాడాడు. ఆయన తాడు లాగుతూ, "అలాగా? తర్వాతేమైంది?" అని అడుగుతూనే ఉన్నాడు. అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆఖరి ట్రిప్పుకి నేనూ వెళ్ళాను, జూన్ నెల కాబట్టి రాత్రయినా ఎండ ఇంకా నీళ్ళ మీదే ఉంది. అవతలి ఒడ్డు ఫియొక్లా అవ్వ నా పక్కన కూర్చుంది. గుర్తుందా, ఆవిడ కొడుకు కాగితం, మన అన్నయ్య కాగితం ఒకే నెలలో వచ్చాయి. అదే ముక్క, ‘జాడ తెలియలేదు’. ఇప్పుడు చూపు బాగా తగ్గిపోయింది. అందరి కబుర్లూ అయ్యాక ఆవిడ, "ఎర్మొలాయ్, నాకు సరిగ్గా ఆనలేదు నాయనా. గేటు దాకా వచ్చారు, ఆ తర్వాత అంతా పొగ. మన పిల్లలు బయటపడ్డారా?" అంది.

ట్రాక్టర్ డ్రైవరు మొహం నీళ్ళవైపు తిప్పుకున్నాడు.

"బయటపడ్డారవ్వా," అన్నాడు నీ బావ.

"అందరూనా?"

"అందరూ. నది కూడా దాటారు."

"నువ్వు చూడలేదని వీళ్ళంటున్నారే?"

"సినిమా చూడలేదు. నేను అక్కడే ఉన్నాను కదా."

ఆవిడ తల ఊపి, రుమాలు సర్దుకుంది. ఒడ్డు తగిలాక ఆయన ఆవిణ్ణి చెయ్యి పట్టి దించి, గట్టు మీదిదాకా నడిపించి వచ్చాడు. తిరుగు ప్రయాణంలో మేమిద్దరమే.

"నాకైతే అన్నయ్యని చూశానని ఒక్క అబద్ధం చెప్పలేదు," అన్నాను.

"నీకు అబద్ధం చెప్పలేను," అన్నాడు. "ఇలా రా గ్లాషా, తాడు బరువెక్కింది. నువ్వూ ఒక చెయ్యి వెయ్యి."

వేశాను. నెమ్మదిగా లాక్కుంటూ వచ్చేశాం.

నీ అక్క
గ్లఫీరా